నీరు పారినంత మేర

గుంతకల్లు నుండి రాయచూరునకు పోవు రైలుమార్గమున, కర్నూలు జిల్లా పడమటి కొసను, కోసిగి యను స్టేషను కలదు. సంక్రాంతి వెళ్ళిన పిమ్మట ఆ యూరికి వచ్చిన బాటసారికి మొదట కనబడునవి కోత ముగిసిన చేలును గావు, ఊరి వెనుక నిలిచిన బండగుట్టలును గావు. తాళములు పడిన తలుపులు. తలుపునకు తాళము, వాకిట అడ్డముగా వేసిన తుమ్మకంప, పక్కయింటి అరుగుమీద కంబళి కప్పుకొని రెండిండ్లకును కావలియైన యొక వృద్ధుడు. వీథి పొడుగునను ఇదియే దృశ్యము. ఊరు సుగ్గికి పోయినది. గుంటూరు సీమలో మిరపకోతలు మొదలైనవనగానే ఇచ్చటి కుటుంబములు పిల్లలతో, గంపలతో, జొన్నల సంచులతో బండ్లెక్కి తూర్పునకు సాగిపోవును. ఉగాదికి గాని ఆ యిండ్లలో మరల పొయ్యి వెలుగదు. బడిలో హాజరుపట్టీయందు పేర్లుండును. బల్లలు ఖాళీగా నుండును.

బయలుదేరుటకు సిద్ధమైన యొక బొలెరో యొద్ద, రొట్టెల పెనమును గోనెసంచిలో చుట్టి కట్టుచున్న నడివయస్సు స్త్రీతో మాటలాడితిని. డ్రైవరు వెనుకనున్న మూలను అత్తగారి కొరకు పాతబట్టలు పరచి మెత్తగా సర్దుచునే ఆమె బదులు చెప్పినది.

"ఎలక్షన్లకు ఊరికి వస్తారా అమ్మా?"

"ఎందుకు రాము సామీ? బండి పంపిస్తారు. వచ్చి ఏసి మళ్లా పోతాము."

"ఎవరికి ఏసేది ఎట్ల తేల్చుకుంటారు?"

"నీళ్లు తెస్తామన్నోళ్లకు. ఒక తూరి వీళ్లన్నారు, ఏసినాము. ఇంగో తూరి వాళ్లన్నారు, ఏసినాము. బియ్యమిచ్చినారు, పింఛనిచ్చినారు, లేదనేదానికి లేదు. చేనికి నీళ్లుంటే మేము ఈ బండి ఎక్కుతామా సామీ?"

ఆ మాటలలో నిష్ఠురము లేదు. ఎవరేమి ఇచ్చిరో, ఏది ఈయలేదో ఆమెకు స్పష్టముగా తెలియును. ఆ యూరికి ఉత్తరముగా కొలది మైళ్ళలోనే తుంగభద్ర ప్రవహించుచున్నది. ఆ నదిమీద హోసపేట యొద్ద కట్టిన జలాశయము నుండి వెడలిన దిగువ కాలువ, కర్ణాటక భూములలో చాల దూరము నడచి, దారిపొడుగునను నీరు తరుగుచు ఈ జిల్లాలో ప్రవేశించును. నదికి దగ్గరగా నుండియు నీటికి దూరమైన ఈ పడమటి తాలూకాల వేదన కన్నులార చూచిన పిమ్మట, వోటును బియ్యమునకును సొమ్మునకును అమ్ముకొనెదరని పట్టణములలో సులువుగా పలికెడి నింద నా చెవులకు మిక్కిలి కఠోరముగా తోచినది.

అభివృద్ధి చెందుచున్న దేశములలో ఆర్థికాభ్యుదయమునకును ప్రజామోదమునకును గల సంబంధమును గూర్చి పండితులు చాల వ్రాసిరి. సేమూర్ మార్టిన్ లిప్‌సెట్ అను అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు, సంపద పెరిగినకొలదియు ప్రజాస్వామ్యము నిలుచుటకు అనుకూలత పెరుగునని 1959లో ప్రతిపాదించెను. ఆ సిద్ధాంతము చొప్పున, దారిద్ర్యములో నుండగనే వయోజనులందరికిని వోటిచ్చిన మన దేశము ఒక వింతయే. పాలకులైనవారు ఇంతకంటె సులభమైన సూత్రమును నమ్ముదురు: పని చేసినచో వోటు వచ్చునని. ఆ సూత్రము తప్పిన తావును వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. 1999లో 180 శాసనసభా స్థానములు గెలిచిన తెలుగుదేశము పార్టీ, హైదరాబాదు యొక్క కంప్యూటరు కీర్తి దేశదేశములకు ప్రాకిన పిమ్మట, 2004లో 47 స్థానములకు దిగిపోయెను. వరుసగా వానలు తప్పిన ఆ యేండ్లలో ఎండిన బోరుబావి ప్రక్క నిలిచిన రైతునకు, రాష్ట్రపు సగటు ఆదాయము తన యింటి ఆదాయమని తోచుట ఎట్లు? హైదరాబాదున లేచిన సౌధములు అసత్యములు గావు. కాని అవి అతని చేనిలో లేవు.

ఆదోనిలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలతో ఫలహారము ముగించి, ఆస్పరి మీదుగా పత్తికొండ చేరితిని. 1800లో నైజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేయగా, ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు పాలించిన థామస్ మన్రో, అనంతరము మదరాసు గవర్నరై, స్వదేశమునకు మరలిపోవుటకు ముందు తన పూర్వపు రైతులను చూడవచ్చి, 1827 జూలై 6న ఈ పత్తికొండలోనే కలరా సోకి మరణించెను. ఆయన స్మృతికై ఇచ్చట తోపు నాటి, రాతిమెట్ల బావి త్రవ్వించిరి. దత్తమండలములలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనుటయు ఉండెడిది. పరాయి ప్రభుత్వమునకు శిస్తు వసూలు చేయవచ్చిన యొక అధికారి పేరును రైతు తన కొడుకునకు పెట్టుకొనుట ఆలోచింపదగిన విషయము. ఆయన కట్టించిన ఆనకట్ట లేదు, త్రవ్వించిన కాలువ లేదు. పొలము పొలమును కొలిపించి, శిస్తు అధికమైనదని గ్రహించి, దానిలో నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో సిఫారసు చేసెను. పైవారు వినలేదు. తానే గవర్నరైన పిమ్మట ఆ తగ్గింపును అమలు జరిపెను. రైతు గుర్తుంచుకొన్నది ఈ పట్టుదలను: అనిన మాట పదేండ్లు దాటినను మరువక, అధికారము చేతికి వచ్చిన నాడు నెరవేర్చుటను. తగ్గించిన పిదపను ఆ శిస్తు భారమైనదే యని నా యెరుక. అయినను ఆ కాలపు రైతు హృదయమును తప్పుపట్టుటకు నాకు నోరు రాదు.

కర్నూలు పట్టణమును గూర్చి ఎక్కువ వ్రాయను. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు భవనమున కుదిరిన ఒడంబడిక, కృష్ణా తుంగభద్రల నీటిలో రాయలసీమకు ప్రాధాన్యమును వాగ్దానము చేసెను. ఆ యొడంబడిక ననుసరించియే 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యయ్యెను. గుడారములలో కచేరీలు నడచెను. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలిపోయెను. శ్రీశైలము యొద్ద కృష్ణకు అడ్డముగా కట్టిన జలాశయము మొదట విద్యుత్తు కొరకే సంకల్పింపబడినది. కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాల పల్లెలు అనేకములు దాని క్రింద మునిగినవి. వెలుగు అన్ని దిక్కులకును పోయినది. మునిగినవారి మిగులు పొలములకు నీటిచుక్క రాలుటకు మరికొన్ని దశాబ్దములు పట్టినది. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరుని గుడి బయటపడును. దానిచుట్టును మునిగిన ఊళ్ళ పునాదులును బయటపడును.

కర్నూలునకు ఎగువనున్న సుంకేసుల మాత్రము నన్ను చాలసేపు నిలిపినది. కడప కాలువకు తల ఇదియే. దీనిని తలపెట్టినది ప్రభుత్వము కాదు. ఆర్థరు కాటను ప్రోత్సాహమున లండనులో పుట్టిన మదరాసు ఇరిగేషన్ కంపెనీ. పది లక్షల పౌనుల మూలధనముపై నూటికి అయిదు చొప్పున వడ్డీకి ప్రభుత్వము హామీ పడగా, ఆ కంపెనీ 1860 తరువాతి దశకమున ఈ కాలువను త్రవ్వించెను. పడవలు నడచునని, పంటలు పండునని, వాటాదార్లకు లాభము వచ్చునని తలంచిరి. నీరు వచ్చినది, కొనువారు లేకపోయిరి. నల్లరేగడి రైతు తన జొన్నకును పత్తికిని వాన చాలునని, తీరువ చెల్లించి నీరు పెట్టినచో తడి యెక్కువై పైరు చెడునని కాలువవైపు చూడడాయెను. 1876 నుండి 1878 వరకు ధాతుకరవు వచ్చినప్పుడు ఆ రైతులే కాలువగట్టునకు పరుగెత్తిరి. వానలు మరల కురియగానే చాలమంది వెనుకకు తగ్గిరి. తుదకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనవలసి వచ్చెను. ఈ వృత్తాంతమును చదివిన దొరలు రైతును మూఢుడనిరి. నేనట్లు తలంపను. ఎవరి లాభము కొరకు నీరు వచ్చుచున్నదో రైతునకు తెలియును. తన్నడుగక త్రవ్విన కాలువను, తన లెక్కకు సరిపడువరకు, అతడు తనదిగా నెంచడు. ఇప్పుడు పాత ఆనకట్ట స్థానమున బ్యారేజి యున్నది. దానికి ఈ జిల్లావాడైన ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టిరి.

ఆ కాలువ వెంబడి దిగువకు వచ్చినచో దేశమే మారిపోవును. కుందూనది లోయలో నంద్యాల చుట్టును కనుచూపుమేర వరిమళ్ళు; ఇచ్చటి సోనామసూరి బియ్యమునకు దూరదేశములలోను పేరున్నది. 1928లో ఈ నంద్యాలలో జరిగిన సభయందే దత్తమండలములను పేరు పోయి రాయలసీమయను పేరు నిలిచినది. కొంత దూరమున బానకచెర్ల యొద్ద, పోతిరెడ్డిపాడు తలుపుల నుండి వచ్చు శ్రీశైలపు కృష్ణాజలము మూడు పాయలుగా చీలును: ఒకటి వెలుగోడు మీదుగా తెలుగుగంగకు, ఒకటి శ్రీశైలము కుడికాలువకును గాలేరు నగరికిని, మరియొకటి కుందూలో కలిసి కడప కాలువకు. తలుపులపైనున్న వంతెన మీద నిలిచి చూచితిని. ఏ తలుపు ఎన్ని అడుగులు ఎత్తిరో దానినిబట్టి, ఇచ్చటికి ఇన్నూరు మైళ్ళ లోపలనున్న యూళ్ళలో ఈ యేడు ఎవడు నారు పోయునో, ఎవడు బండి యెక్కునో నిర్ణయమగును. ఎన్నికల సభలలో వినబడు కేకలన్నిటికంటె ఈ ఇనుపతలుపుల కిర్రుమను చప్పుడు ఈ సీమ రాజకీయములకు మూలమైనది.

ఆ దిగువనే, పంటకాలువ తూము కడ లస్కరుతో వాదులాడుచున్న యొక రైతును కలిసితిని. ఎగువవారు వంతు తప్పి రాత్రి తూమెత్తిరని అతని ఫిర్యాదు. చేతిలోని పారతో గట్టు మట్టిని సవరించుచునే మాటలాడెను. ఈ నీళ్ళు తెచ్చినదెవరని అడిగితిని.

"తెచ్చినోళ్ల పేరు మా నాయన చెప్తాడు, పటానికి దండేస్తాడు. నాకు మాత్రం జూలై నెలలో నీళ్లు ఇడవాల, మార్చి దాకా ఆపకూడదు. అది వాళ్ల కొలువు. ఇడవకపోతే అడుగుతాము, అడిగినా ఇడవకపోతే దించుతాము. అంతే కదన్నా?"

తండ్రికిని కొడుకునకును నడుమ ఈ యొక్క తరములో జరిగిన మార్పే నా ప్రయాణమున నేను చూచిన వానిలో ముఖ్యమైనది. తండ్రికి నీరు ఉపకారము, కొడుకునకు హక్కు. తండ్రి కృతజ్ఞుడు, కొడుకు పరీక్షకుడు. నాయకులకు మొదటివాడు ప్రియుడు, రెండవవానిని కృతఘ్నుడందురు. నా దృష్టిలో మాత్రము అభివృద్ధి నిజముగా జరిగినదనుటకు ఈ రెండవవాడే సాక్షి. దండము పెట్టవలసిన యవసరము తీరినప్పుడు గదా నీరు అతనిదైనట్లు!

ఎన్నికల చరిత్రను ఈ దృష్టితో చూచినచో చాల విషయములు విశదమగును. నందమూరి తారకరామారావు కాలమున 1983లో తెలుగుగంగ మొదలయ్యెను. మదరాసు దాహము తీర్చుటకు పోవు కృష్ణ, దారిలో సీమ పొలములనును తడుపవలెనని తలంచిరి. 2004లో ముఖ్యమంత్రియైన పులివెందుల వైద్యుడు రాజశేఖరరెడ్డి, పోతిరెడ్డిపాడు తలుపుల సామర్థ్యమును 11,000 క్యూసెక్కుల నుండి 44,000 క్యూసెక్కులకు పెంచు పనిని, తెలంగాణమున రేగిన తీవ్రమైన యాగ్రహమును ఎదుర్కొని, చేపట్టెను. ఆయన 2009 సెప్టెంబరు 2న నల్లమలలో మరణించినప్పుడు కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో పుట్టిన దుఃఖము కృత్రిమము గాదు. ఆ కృతజ్ఞత వారసునికి సంక్రమించినది. 2011 కడప ఉపయెన్నికలో ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డికి అయిదు లక్షల నలుబది వేలకు పైబడిన ఆధిక్యము వచ్చెను. 2019లో ఈ రెండు పూర్వజిల్లాలలోని 24 శాసనసభా స్థానములకు 24నూ ఆ కుమారుని పార్టీయే గెలిచెను. అనంతరము అయిదేండ్లు బ్యాంకు ఖాతాలలో నేరుగా సొమ్ము జమ పడెను. 2024లో అవే 24 స్థానములలో ఆ పార్టీకి మిగిలినవి 5. ఇంత పెద్ద మార్పునకు ఒక్కటే కారణము చెప్పుట సాహసము. కాని ఒక్క మాట ధైర్యముగా అనవచ్చును: సొమ్ము వోటును కొనగలదన్నచో, ఈ సీమ 2024లో అట్లు తీర్పు చెప్పియుండదు, కృతజ్ఞత శాశ్వతమన్నచో అసలే చెప్పియుండదు.

కోవెలకుంట్ల దాటి కడప జిల్లాలో జమ్మలమడుగు ప్రాంతమునకు వచ్చునప్పటికి పొలములకు కంచెలే నాపరాళ్ళు, ఇండ్లకు కప్పులే నాపరాళ్ళు. రాళ్ళకు కొదువలేని ఈ తాలూకాలో పునాదిరాళ్ళకును కొదువలేదు. ఉక్కు కర్మాగారమునకై 2007లో రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేసెను. 2014 రాష్ట్ర విభజన చట్టము, ఈ జిల్లాలో కర్మాగారము సాధ్యమగునా యని ఆరు మాసములలో పరిశీలింపుడని కేంద్రసంస్థకు చెప్పెను. 2018 డిసెంబరులో కంబాలదిన్నె యొద్ద చంద్రబాబునాయుడు, 2019 డిసెంబరులో సున్నపురాళ్ళపల్లె యొద్ద జగన్మోహనరెడ్డి మరల శంకుస్థాపన చేసిరి. 2023 ఫిబ్రవరిలో అచ్చటనే ఇంకొక భూమిపూజ జరిగెను. చదివిన పిల్లలను ఇంట నుంచుకొని ప్రతి శంకుస్థాపనకును ఆశతో పోయి నిలిచిన తల్లిదండ్రులను తలంచుకొన్నప్పుడు నాకు కలిగినది కోపము. పల్లెవానికి ఓర్పు చాలయని మనమందుము. ఆ యోర్పు ఎవరికిని ఆస్తి గాదు.

గండికోట కడ పెన్నానది ఎఱ్ఱరాతి కొండలను నిలువుగా కోసికొని పోవు లోయను చూడ దేశము నలుమూలల నుండి జనులు వత్తురు. ఆ లోయకు ఎగువ కట్టిన జలాశయమున 26 టీఎంసీలకు పైగా నీరు నిలుచును. పులివెందుల చీనీతోటలకు ఊపిరి ఇచ్చుచున్న నీటిలో దాని వంతును కలదు. అదే నీటి క్రింద తాళ్ళప్రొద్దుటూరు మున్నగు ఊళ్ళు మునిగినవి. ఇట్టి కథయే ఘనాదేశమునను కలదు. అచ్చటి అధ్యక్షుడు ఎన్‌క్రుమా వోల్టానదిపై అకోసొంబో ఆనకట్టను 1966 జనవరిలో ప్రారంభించెను. దాని కొరకు సుమారు 80,000 మంది ఊళ్ళు విడిచిరి. విద్యుత్తులో పెద్దభాగము అల్యూమినియము కర్మాగారమునకు పోయెను. ఫిబ్రవరిలో సైనికులు ఆయనను పదవి నుండి త్రోసివేసిరి. ఆనకట్ట ఎంత ఘనమైనదైనను దానిని కట్టినవానికి అదే అండగా నిలువలేదు. మన సీమలో సైనికులకు బదులు వోటరులున్నారు. ఇది మన భాగ్యము. మునిగినవాడును పండించుకొన్నవాడును ఒకే వరుసలో నిలిచి, ఒకే యంత్రముమీద వ్రేలు నొక్కుదురు.

తుదకు మైదుకూరు మీదుగా పోరుమామిళ్ళ చేరితిని. ఇచ్చటి చెరువును బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించెను. 1369 నాటి సంస్కృతశాసనము ఆ సంగతిని చెప్పుచున్నది. వేయిమంది కూలివాండ్రు, నూరు బండ్లు, రెండేండ్ల పని. చెరువు చక్కగా కుదురుటకు కావలసిన పండ్రెండు అంగములను ఆ శాసనము పేర్కొనును: జలశాస్త్రము తెలిసినవాడు, గట్టిమట్టి, మంచినీటి నది, దగ్గరనే రాయి దొరకు తావు, పనితెలిసిన జనము, కాని అన్నిటికంటె ముందు చెప్పినది ధర్మపరుడై, ధనవంతుడై, కీర్తిని కోరెడి రాజును. ఆరువందల యేండ్ల క్రిందనే, నాయకుని కీర్తికాంక్ష కూడ రాతికట్టవలెనే చెరువునకు ఒక అంగమని వారు సిగ్గుపడక వ్రాసికొనిరి. ఆ కోరికను నేను నిందింపను. అది లేనిచో ఈ ఎండనేలలో ఏ గట్టును లేచియుండదు.

అదే శాసనము చెరువునకు ఆరు దోషములను కూడ చెప్పును. కట్ట ఊటెత్తుట, నేల చవుడగుట మున్నగువానితో పాటు, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట ఒక దోషము. నేడు తుంగభద్ర జలాశయము కర్ణాటకమున నున్నది. దాని బోర్డులో మూడు రాష్ట్రములకు పాలున్నది. 2024 ఆగస్టులో ఆ జలాశయపు గేటు ఒకటి కొట్టుకొనిపోయి నీరు వృథాగా పారినప్పుడు, ఆ వార్త విని గుండె చెదరినవారిలో కోసిగివారును ఉందురు. శ్రీశైలము 2014 నుండి ఆంధ్రకును తెలంగాణమునకును సరిహద్దున నిలిచినది. దాని నీటికై రెండు ప్రభుత్వములు నదీబోర్డు నెదుట తగవులాడుచున్నవి. గుంటూరు పోవు బండిలో ముసలి అత్తకు చోటు సర్దిన ఆ తల్లి వోటు, ఈ ప్రభుత్వములలో ఒక్కదానికే చేరును.